కార్డు వెనుక కొలతలు

పెత్రమాస ఇంక రెండు దినాలుందనంగ
మెట్టుగడ్డ ఫంక్షన్ హాల్ల
వ్యాపారుల ఆత్మీయ సమ్మేళనం.
పీకో, ఫాల్స్ చేసే షట్టరు గూడ వ్యాపారమేనని
కాలనీ సెక్రటరీ ఫోన్ చేస్తె పోయిన.
దర్వాజ కాడ పన్నీరు చల్లిండ్రు.
లోపల ఏసీ, మైకు,
ఒక్కొక్కరికి ముప్పై సెకండ్లు:
పేరేంది, దందేంది, ఎవరితోని ఏం పని.

జడ్చర్ల రోడ్డుకు ప్లాట్లమ్మే విష్ణువర్ధన్ సారు
ఇరవై తొమ్మిది సెకండ్లల్ల వెంచరంత కట్టి
పార్కుల పిల్లల్ని గూడ ఆడిచ్చిండు.
సోలార్ ప్లేట్లాయన ఎండను మెచ్చుకున్నడు.
పాలమూరు ఎండను ఒకరు మెచ్చుకోంగ
గదే మొదటిసారి ఇన్న.
నా వంతుకు లేసి
"జాకెట్లు కుడత" అన్న.
ఇంక ఇరవై ఏడు సెకండ్లు మిగిలినయి.
వాటినేం జెయ్యాల్నో తెలువక
మైకు పక్కాయన చేతుల పెట్టిన.

"మీ కార్డు?" అని పదకొండు మంది అడిగిండ్రు.
లేదన్న.
వాళ్లవి వాళ్లిచ్చిండ్రు,
ఇంటికొచ్చెవరకు సంచిల బువ్వ డబ్బా పక్కన
మెరుస్తనే ఉన్నయి.

ఇగ బతుకమ్మ మొదలైంది.
గల్లీల తంగేడు వాసన, గునుగుకు అద్దిన రంగులు
పిల్లల మోచేతుల దాక.
చుట్టు తిరిగేటోళ్లు
వంగినప్పుడొక మాట, లేచినప్పుడొక మాట:
"ఈసారి సకినాలు ఎవరు పోస్తున్నరు?"
"మా తోడికోడలే. ముందుగాల చెప్పాలె మరి."
"చిట్టి ఎవరెత్తిండ్రు?"
"పైనింట్ల కిరాయికున్న టీచరమ్మ."
ఒక సుట్టుల రేటడిగితె
మల్ల సుట్టుకు బేరం తెగుతది.
సెకండ్లు లెక్కవెట్టేటోళ్లు లేరు,
చప్పట్లే.

"సద్దుల నాటికి కావాలె సుగుణక్కా"
అందరిదీ అదే మాట.
నాకున్నయి రెండు చేతులు,
షాకిరావి కలిపితె నాలుగు.
మగ్గం మీద వంగి ఆ పిల్ల అడుగుతది,
"నెమలికి కన్ను ఏ రంగు పెట్టాలక్కా?"
నాకు నిద్ర ఏ రంగుల ఉంటదో యాదికి లేదు.

నాలుగోనాటికే కొలతల బుక్కు నిండింది.
సంచిల చెయ్యి పెడితె కార్డులు తగిలినయి.
తిప్పి చూస్తె వెనుకంత తెలుపు,
పైస ఖర్చు లేని తెలుపు.
మోకాళ్ల డాక్టరు వెనుక ఛాతి ముప్పై ఎనిమిది.
సోలార్ వెనుక వీపు లోతు ఏడు, దోరీ కావాలె.
ప్లాట్ల వెనుక చెయ్యి పొడుగు పది,
ఉద్దెర నాలుగు వందలు.

మణెమ్మది రాసేటప్పుడు
టేపు ఆగింది.
నిరుడు ముప్పై నాలుగు. ఇయ్యాల ముప్పై.
మొగడు పోయినంక గూడ ఇస్త్రీ బండి ఆపలే ఆమె,
ఎవరింట్ల ఏ చీర ఏడ చినిగిందో ఆమెకెరుక.
ఆమె సంగతి మాత్రం
నా టేపుకే తెలిసింది.
ఏమడగలే.
కుట్ల లోపల బట్ట రెండంగుళాలు మిగిలిచ్చిన,
మల్ల ఒళ్లు చేస్తె విప్పుకోనీకె.
అది ఏ కార్డు వెనుకా రాయలే.

దసర నాడు పొద్దుగూకంగ
విష్ణువర్ధన్ సారు షట్టరు కాడికొచ్చిండు.
జమ్మి నా చేతుల పెట్టిండు, నా జమ్మి తీసుకున్నడు.
"ఇప్పటికన్న కార్డు కొట్టిచ్చినవా?"

డ్రాయర్ల నుంచి ఆయనదే తీసిచ్చిన.
తిప్పి చదివిండు:
పెండ్లాం భుజం, పెండ్లాం నడుము, ఉద్దెర.
ప్లాటు హద్దులు నోటికి చెప్పే మనిషి
ఆ నాలుగంకెల కాడ శానసేపు నిలవడ్డడు.
జేబుల ఫోన్ తీసిండు.

గోడకున్న డబ్బా ఒక్కసారిగ అరిచింది,
"నాలుగు వందల రూపాయలు అందినవి."
గల్లంత ఇన్నది.
సీతాఫలాల బండి కాడ
కాయలొత్తి చూస్తున్న మణెమ్మ గూడ
తిరిగి చూసి నవ్వింది, కొత్త జాకెట్టుల.

సారు కార్డు జేబుల పెట్టుకోబోయిండు.
"అది నాకియ్యి సారూ" అన్న,
"దీపావళి జాకెట్టుకు
ఆ కొలతలే కావాలె."