అప్పడాల రెక్క

బిజిపురంలో సుభద్రమ్మ గారి డాబా మీద
మినపప్పడాలు ఆరేది మంచం మీద కాదు.
మంచానికి అన్ని అడ్డకర్రలుండవు,
ఉన్నా ఒక్కొక్కటీ చేపలాగ
తలవైపు లావెక్కి తోకవైపు సన్నబడదు.
ముప్పై ఏళ్ళుగా మా ఇంటికొచ్చేవి ఆ అప్పడాలే.
నేనే పైకెక్కి చూళ్ళేదు.

మొన్న ఫాల్గుణంలో ఆవిడ దాన్ని తిరగేస్తే
మొదటి కర్ర లోపలివైపు
నాలుగు నల్లటి అంకెలు, ఒక బాణం గుర్తు.
"మా మావగారు వేలంలో తెచ్చారు బాబూ.
ఏటో సర్కారీ నిచ్చెనట."

బరంపురం స్టేషను పార్సిలాఫీసులో
చెరిగిన గుర్తులు వెనక్కి చదవడమే
ముప్పై ఒక్కేళ్ళు నా కొలువు.
తప్పిపోయిన సరుకుకి కూడా
పంపినవాడొకడుంటాడు.

మావగారి ట్రంకుపెట్టెలో రసీదు దొరికింది.
"రెక్క, ఎడమ, దిగువ, ఒకటి. పదకొండు రూపాయలు."
ఎడమ అన్నారంటే కుడి ఉంది.
దిగువ అన్నారంటే ఎగువ ఉంది.
నాలుగు రెక్కలు, రెండంతస్తుల గాలి.

వెతికాను.
ఇంజను సుర్లా రోడ్డు పక్క కొబ్బరితోటకి నీళ్ళు తోడిందట.
"నీళ్ళకంటే దాని అరుపెక్కువ అనేవాడు మా తాత,"
తోటవాడు నవ్వాడు. గొయ్యి చూపించాడు, గొయ్యే.
పంకా ఏ క్లబ్బు గోడకో వేలాడిందన్నారు,
ఆ క్లబ్బూ లేదు, ఆ గోడా లేదు.

గుడ్డ సంగతి కొప్పల నీలాచలం గారి కూతురు చెప్పింది.
ఎనభై నాలుగేళ్ళ వరహాలమ్మ,
గోడసందులోంచి జానెడు సూది తీసి.
"మైదానంలో దొరలు పిలిచి కుట్టించుకున్నారు.
బెత్తెడుకొక ముడి. దాని మీద పూత పూస్తే
మాగిన అరటిపళ్ళ వాసన.
ఉడాజాహాజుకి చొక్కా కుట్టినవాణ్ణని చెప్పుకొని
మా అమ్మని చేసుకున్నాడు మా అయ్య."

గేట్ బజార్లో ఉదయనాథ్ పాఢి మనవడు
తాత పుస్తకం నా ముందు పెట్టాడు.
అవే నాలుగంకెలు.
పద్నాలుగు వరసలు, పద్నాలుగు ఉదయాలు.
ఆఖరి దాని పక్కన గురువు ఎర్రపెన్సిలు:
దిగడం మళ్ళీ నేర్చుకోవాలి.
తర్వాత పేజీలన్నీ తెలుపు.
రెక్క విరిగిందా, యుద్ధమయిపోయిందా,
ఇంట్లో వద్దన్నారా, ఎవరికీ తెలీదు.
సంస్కృతం మాస్టారై పోయాడట ఆయన.
"కానీ మెట్లు దిగేటప్పుడు," అన్నాడు మనవడు,
"ఆఖరి మెట్టు దగ్గర ఒక్క క్షణం ఆగేవాడు."

ఆ రాత్రి నిద్రపట్టలేదు.
ముందు సీట్లో గురువు, వెనక శిష్యుడు,
నడుమ మాటకో రబ్బరు గొట్టం.
కాశీ లేదు కటకం లేదు దానికి,
లేచినచోటే దిగడం దాని పని.
ఊరూరికీ మూటలు పంపి
సాయంత్రానికి అదే బల్ల దగ్గర మిగిలినవాణ్ణి,
నాకు కొత్తేమీ కాదు.

మ్యూజియానికి ఇద్దామా అన్నాను సుభద్రమ్మ గారితో.
"ఇస్తే ఇద్దాం. అప్పడాలెక్కడ ఆరెయ్యను?"
నైలాను మంచం కొనిచ్చాను.
రెండ్రోజులు చూసి మడిచి మూలన పెట్టింది,
అంచులు ముడుచుకుపోతున్నాయట.

నిన్న పొద్దున్న మళ్ళీ వెళ్ళాను.
పాత బరంపురం పట్టుచీర, జరీ ఊడినది,
కర్రల మీద బిగించి కడుతోంది
ఈ కొసనుంచి ఆ కొసకి.
నాలుగు మూలలా నాలుగు ఇటుకలు.
ఇటుకలెందుకమ్మా అన్నాను.
"గోపాలపురం గాలొస్తే లేస్తాది బాబూ.
మా అత్తగారి నాటినుంచీ దీనికదే బుద్ధి."

అప్పడం వెయ్యలేదింకా.
చీర కింద గాలి చేరుతోంది.
ఒక ఇటుక కదిలింది.
నేను చెయ్యి వెయ్యలేదు.