బి సైడు

ఏడాది చివర ఫోను లెక్క తేల్చింది:
నేనెక్కువ విన్న గొంతు ఫలానా ఆవిడదట.
పోనీ, కాదనను.

సఖినేటిపల్లి రేవులో
పేర్రాజు పంటు మీది టేపురికార్డరుకి లెక్కలు రావు.
ఉన్నదొకటే కేసెట్టు, పలికేది బి సైడే.
ఎండకి సాగిన రీలు.
ఆవిడ గొంతు కాస్త మగగొంతై, నిద్రమత్తై,
సరిగ్గా నడిగోదాట్లో
రెండో చరణం దగ్గర చుట్టుకుపోయేది.

పెన్సిలు కోసం నా పుస్తకాల సంచీ తడుముతూ
మిగతాది పేర్రాజే అందుకునేవాడు.
సగం మాటలు తప్పు,
తాళం డీజిలింజనుది.
నరసాపురం గట్టుకి పంటు గుద్దుకునేదాకా
అదే పాట.

ఇప్పుడు చెవుల్లో శుభ్రంగా, గీత పడకుండా వస్తుంది.
రెండో చరణం మొదలవగానే ఆపేస్తాను.

అక్కణ్ణుంచి ఆవిడ ఏం పాడిందో
ఇంకా వినలేదు నేను.