అరంగుళం

గ్రిమ్స్‌బీలో చేపల రేవుకి రెండు వీధులవతల
మా కుట్టు కొట్టు.
ఒక పక్క పందేల దుకాణం, ఒక పక్క బ్రెడ్డు వాసన.
అద్దం ముందు నిలబెట్టి టేపు తీయగానే
ఎంతటివాళ్ళైనా ఊపిరి బిగబడతారు.
"మామూలుగా నిలబడండి" అంటాను.
మామూలుగా ఎలా నిలబడేవారో
సగం మందికి గుర్తురాదు.

నవంబరులో నార్మన్ థ్యాకర్ వచ్చాడు.
కోటు వంకరపోయిందట.
కోటు బాగానే ఉంది.
కుడి భుజమే అరంగుళం పైకి లేచి
చెవి దగ్గర ఆగిపోయింది,
ఫోను అక్కడే ఇరికించుకుని
ఆసుపత్రి వాళ్ళ మాట కోసం
ఇంకా వింటున్నట్టు.
మాట్లాడుతూ మాట్లాడుతూ రెండుసార్లు
జేబు తడుముకున్నాడు.
మెడ నరం తీగలా బిగిసి ఉంది,
బట్టలారేస్తే ఆరేలా.

నాకు తెలిసిన వైద్యం ఒకటే:
ఎడమవైపు అరంగుళం దూది పెట్టి కుట్టాను.
అద్దంలో రెండు భుజాలూ సమానమయ్యాయి.
పన్నెండు పౌండ్లు.

నా సంగతా?
నోట్లో గుండుసూదులు పెట్టుకునే పని,
మాట రాకపోయినా ఎవరూ అనుమానించరు.
"రాత్రుళ్ళు ఏం నములుతున్నారు?"
అని అడిగాడు పళ్ళ డాక్టరు.
ఎవర్ని అని అడగాల్సింది.
పంటి బిగువున ఇన్నేళ్ళు నెట్టుకొచ్చిన దానికి
మెత్తటి ప్లాస్టిక్ తొడుగొకటి ఇచ్చి
పడుకునేప్పుడు పెట్టుకోమన్నాడు.

ఏప్రిల్లో థ్యాకర్ మళ్ళీ వచ్చాడు.
ఇప్పుడు ఎడమవైపు ఎత్తుగా ఉందట.
చెయ్యి వేసి చూశాను.
కుడి భుజం దిగింది,
బస్సు దిగినంత మామూలుగా.
కబురు మంచిదో చెడ్డదో
అతను చెప్పలేదు, నేను అడగలేదు.
కండకి ఆ తేడా తెలీదనుకుంటాను.
ఎదురుచూపు అయిపోయిందని మాత్రం తెలుస్తుంది.
కుట్లు విప్పి దూది తీసేశాను.
అతని వంటి వెచ్చదనం ఉంది దాంట్లో.
పారెయ్యబుద్ధి కాక
బొత్తాల డబ్బాలో వేశాను.

శనివారం పనికొచ్చే కీలీ,
పదహారేళ్ళకే గూడులా ముడుచుకునే పిల్ల,
కొలతలు నేర్పమంది.
నా వీపే ఇచ్చాను.
ఎవరి వీపు వాళ్ళు కొలుచుకోలేరు కదా.
చల్లటి వేళ్ళతో టేపు పరిచి
"మామూలుగా నిలబడండి" అంది, అచ్చం నా గొంతుతో.
చాలాసేపు పట్టింది.
ఆ పిల్లా తొందరపెట్టలేదు.

అంకె చెప్పి పుస్తకంలో పెన్నుతో రాయబోతుంటే
చెయ్యి పట్టుకున్నాను.
పెన్సిలుతో రాయమ్మా.