తలుపు ముందు కుర్చీ

డండీలో, బస్టాండు పక్క సందులో
నాలుగడుగుల కొట్టు నాది.
నాదీ కాదు, గెల్లట్లీ గారిది.
పొద్దుటి నుంచీ తాళంచెవులు కోస్తాను,
బూట్లకి మడమలు వేస్తాను.
ఇత్తడి పొడి గోళ్ళలో ఇరుక్కుంటుంది.
రాత్రి ఇంటికెళ్ళి అవే వేళ్ళతో
ఎవరూ ఆడని ఆటలు కడతాను.

ముప్ఫై ఒక్క స్టూడియోలకి రాశాను.
రెండేళ్ళ అనుభవం కావాలిట.
పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు,
పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు.
ఇరవై రెండు చోట్ల నుంచి ఉలుకూ పలుకూ లేదు.
ఒకాయన మాత్రం మిర్రెన్‌ని మార్విన్ చేసి
"ప్రియమైన మార్విన్, మీ ఉత్సాహం మాకు నచ్చింది" అన్నాడు.
మార్విన్‌కి నా అభినందనలు.

ఇది ముప్ఫై రెండోది.
నది ఒడ్డున, ఒకప్పటి గోనెల మిల్లులో ఆఫీసు.
పరీక్ష పంపారు:
ఒక గది. ఒక తలుపు. రెండు పేజీలు.
ఆడేవాళ్ళకి ఆ తలుపు తియ్యాలనిపించాలి.
శుక్రవారంలోగా.

తలుపుల సంగతి నాకు తెలియనిదా!
విడాకుల మర్నాడే
రెండో తాళంచెవి చేయించుకున్నావిడ తెలుసు.
ఏ తాళానిదో తెలియని చెవి పట్టుకొచ్చి
"మా నాన్నది, ఊరికే ఇంకోటి చెయ్యి" అన్న జాలరి తెలుసు.
అయినా మూడు రాత్రులు తెల్లకాగితమే.

నాలుగో రాత్రి కంప్యూటర్ మూసేసి
బిస్కెట్ల అట్టపెట్టె కోసి గది చేశాను.
తలుపుకి అగ్గిపెట్టె.
ఆడే మనిషికి బదులు నా కోటు గుండీ.
పై అంతస్తు సెంగాని పిలిచాను.

ఆగ్నెస్‌ని ఇంగ్లీషులో వెనక నుంచి చదివితే సెంగా.
పదిహేనో ఏట ఆ మిల్లులోనే చేరింది.
మగ్గాల తాళం ఆమె చెవుల్ని తినేసింది.
ఇప్పుడు పెదాలు చదువుతుంది.
"తాళానికైనా చెవుంది, నీకు లేదు" అన్నానోసారి
అటు తిరిగి, గొణుగుతూ.
కిటికీ అద్దంలో చదివేసి నెత్తిన మొట్టింది.

ఆట మొదలైంది.
తలుపు వెనక అడుగులు, గొళ్ళెం కిర్రు, సన్నటి మూలుగు,
అన్నీ నోటితోనే చేశాను, ఒళ్ళు మరిచిపోయి.
చేసి చేసి, అప్పుడు గుర్తొచ్చింది.

సెంగా గుండీని తీసుకెళ్ళి
తలుపుకి జానెడు దూరంలో పెట్టి
చేతులు కట్టుకుంది.
"తియ్యవా?"
"ఎందుకూ?"
"అవతల ఏముందో చూడాలని లేదా?"
"ఉన్నవాళ్ళనే రానీ.
ముప్ఫయ్యేళ్ళు ఆ మిల్లు తలుపు నేనే తోశాను.
ఆఖరి రోజు లోపలి నుంచి గొళ్ళెం పెట్టుకున్నారు.
ఇదిగో, ఇక్కడ ఓ కుర్చీ వెయ్యి."

గుండీ నీ చేతిలో ఉన్నా ఆట నాది అనబోయాను.
నా పెదాలు కదలకముందే
ఆమె కళ్ళు వాటి మీద ఉన్నాయి.
నోరు మూసుకుని
నాలుగు అగ్గిపుల్లలు విరిచాను.

తెల్లవారుజామున రెండో పేజీలో రాశాను:
కుర్చీలో కూర్చుంటేనే కనిపిస్తుంది,
తలుపు కింది సందులో
రెండు పాదాల నీడ.
లేస్తే పోతుంది.
మళ్ళీ కూర్చుంటే
నీడ కాస్త దగ్గరికొచ్చి ఉంటుంది.
శబ్దం ఉండదు.

సోమవారం ఫోన్ చేశారు.
"కుర్చీ ఆలోచన మీదేనా?"
గుటక మింగాను. అవుననడానికి ఒక్క ముక్క చాలు.
"మా పై అంతస్తావిడది. నీడ నాది."
అవతల ఎవరో రాసుకుంటున్న చప్పుడు.
గురువారం పదింటికి రమ్మన్నారు.
ఉద్యోగం కాదుట, ఊరికే మాట్లాడ్డానికిట.

గురువారం. వాన.
గోళ్ళు ఎంత తోమినా ఇత్తడి పోలేదు.
కోటుకి ఒక గుండీ తక్కువ.
తీసి కుట్టుకోవచ్చు, టైముంది.
అదింకా
తలుపు ముందు కుర్చీలో కూర్చునుంది.