కుడి వెనక కాలు: లేదు

పొడవు మూడు మిల్లీమీటర్ల పైన రవ్వంత.
మగది. ఒక్కటే.
ఇస్కపల్లి ఉప్పు మడుల్లో, నాలుగో గట్టు పక్కన,
మే పదకొండున, ఎండ నడినెత్తికి రాకముందు
పాత దోమతెర కత్తిరించి కుట్టిన వలలో పడింది.

చివరికి ఇంగ్లీషులోనే రాయాలి.
ముందు మాత్రం నాకు నేను తెలుగులో చెప్పుకుంటాను,
అమ్మ కమ్మలు తాకట్టుకిచ్చే ముందు
ఒక్కో రాయీ తడిమి చూసుకున్నట్టు.

కళ్ళు: ఎండిన నేరేడుపండు రంగు, పైన రాగి పొర.
మీసాలు: మూడేసి కణుపులు. చివరి కణుపు మీద
ఒకే ఒక్క నూగువెంట్రుక, దానికి ఒకవైపే పళ్ళు,
సగం విరిగిన దువ్వెనలా.
రెక్కలు: పొగచూరిన లాంతరు గాజు.
ఈనెలు గీస్తుంటే
సముద్రం దగ్గర చీలిపోయే పెన్న పాయలు గుర్తొచ్చి
ఒక గీత ఎక్కువ గీశాను. చెరిపాను.
రెక్కల వెనక తూకపు కాడలు రెండు, లేత పసుపు.
ఒకప్పుడు అవీ రెక్కలే.
ఎగరడం మానుకుని
ఎగిరేవాటిని ఒరిగిపోకుండా పట్టుకుంటున్నాయి.
ఈ ముక్క వర్ణనలో పట్టదు.

ముఖం: ఉబ్బెత్తు. రోమాలు దట్టం. ఎందుకో తెలియదు.

కాళ్ళు: అయిదు.
ఆరోది, కుడి వెనకది, "లేదు" అని రాస్తారు మావాళ్ళు.
లేకుండా పుట్టలేదది.
అల్లూరు దాటాక బస్సు గుంతలో దిగింది,
ఒళ్ళో సీసా ఎగిరిపడింది.
ఆ వాక్యానికి కర్త నేను.
వ్యాకరణం నన్ను దాచిపెట్టింది.

కావలి. రాత్రి పదకొండు.
రైలు పోయిన అదురు బల్ల మీద సద్దుమణిగాక
పొత్తికడుపు కొస విడదీసి క్షారంలో కాచాను,
చింతగింజంత స్పిరిటు మంట మీద.
మెత్తనివన్నీ కరిగిపోయాయి. గట్టివి మిగిలాయి.
ఈగల్లో ఎవరు ఎవరో తేలేది మొహం చూసి కాదు, అక్కడ.
దీని దగ్గరి చుట్టానికి ఆ కొక్కెం కొడవలి వంపు.
దీనికి కొస రెండుగా చీలి, పీత గిట్ట.
మూడుసార్లు చూశాను. పుస్తకాలు తిరగేశాను.
నాలుగోసారి అద్దం నా ఊపిరికే మసకబారింది.

ఆదివారం మళ్ళీ మడుల దగ్గరికి, గీసిన బొమ్మతో.
తుపాకుల అంకమ్మ ఉప్పు పోగుచేస్తా ఉంది.
చెయ్యి చీరకి తుడుచుకుని
కాగితం అటు తిప్పి ఇటు తిప్పి,
"ఇది మునుగీగ గదమ్మే," అంది.
"నువ్వు చంపి చూసినావు. రా, బతికుండంగా చూడు."

గట్టు మీద గొంతుక్కూర్చున్నాం.
ఈగ ఒకటి నీటి అంచుకు నడిచొచ్చింది.
తల వంచి, తొందరేం లేనట్టు లోపలికి దిగింది.
ఒంటి చుట్టూ వెండి బుడగ తొడుక్కుని
అడుగున పాచి మేసి,
తేలి, ఎగిరిపోయింది. పొడిగా.
నేను లెక్కపెట్టి వదిలేసిన మొహమ్మీది రోమాలన్నీ
అప్పుడు లేచి నిలబడ్డాయి.

"ముప్పై ఏండ్లుగా చూస్తా ఉండా. తడవదు.
ఆ విద్యేదో నా కాళ్ళకి నేర్పకూడదా?"
అరికాలు ఎత్తి చూపించింది.
పగుళ్ళు, పగుళ్ళలో తెల్లటి గింజలు.
నా సంచీలో భూతద్దం ఉంది. తియ్యలేదు.

దీనికి పేరు పెట్టాలి అన్నాను,
ముందు ఇంటిపేరు, తర్వాత పేరు.
"మన మాదిరే," అంది. "ఇంటిపేరు తెలిసిందా?"
తెలిసింది, పాత ఇల్లే. పేరే ఖాళీ.
"నా పేరు మాత్రం పెట్టబాకు తల్లీ.
అన్నం మీద ఈగని తోలినప్పుడల్లా
నన్ను తోలినట్టుంటాది."

ఇంగ్లీషు కాగితంలో పేరు చోట చుక్కలు పెట్టి వదిలాను.
కాళ్ళ దగ్గర "లేదు" కొట్టేసి రాశాను:
కుడి వెనక కాలు దారిలో, నా ఒళ్ళో, విరిగింది.
ఎడిటరు తీసేస్తాడు.
తీసేసేటప్పుడు ఒకసారైనా చదువుతాడు గదా.