ఊదా మూత

పదకొండేళ్ళు ఒక చేప కోసం బతికాను.
వేలెడంత చేప.
ఉరుగ్వే తూర్పు బీళ్ళలో చలికాలపు వానకి నిండే గుంటల్లో పుట్టి
ఎండలు ముదరగానే గుంటతో పాటే పోయేది.
గుడ్లు మాత్రం ఎండిన బురదలో నిద్రపోతాయి
మళ్ళీ వాన పడేదాకా.
వాటిని నిద్రలేపేది ఎవరు?
అదొక్కటే నా ప్రశ్న.

ఆఖరి గ్రాంటు అయిపోయిన మార్చిలో
మైనస్ ఎనభై ఫ్రీజరు ఖాళీ చేశాను.
నా చేతిరాత ఉన్న పెట్టెలు,
మంచు నాకేసి పేర్లు పోయినవి కొన్ని.
"మళ్ళీ వస్తావులే, నీబియా" అన్నాడు ప్రొఫెసర్ ఎచెగోయెన్
చేతి తొడుగులు విప్పుకుంటూ, నావైపు చూడకుండా.

నలభై ఒకటో ఏట మళ్ళీ పరీక్ష రాసి
తకువారెంబో ఆసుపత్రి నేలమాళిగలో
రాత్రి డ్యూటీకి చేరాను.
విల్మార్‌ది ఇక్కడ ముప్ఫయ్యేళ్ళ సర్వీసు.
మాతే గిన్నె గుమ్మం అవతలే పెట్టి లోపలికొస్తాడు,
గుడి ముందు చెప్పులు విడిచినట్టు.

మొదటివారం ఒక అంకె చూసి
"భలే ఆసక్తిగా ఉందే" అన్నాను.
"ఆ మాట ఇక్కడ పైకి అనకు" అన్నాడు,
"కిటికీ అవతల వాళ్ళ మనుషులుంటారు."
"శాంపుళ్ళెన్ని?" అన్నాను ఇంకోసారి, పాత నోటితో.
"ఒకటే. నాలుగో వార్డులో పడుకుని ఉన్నాడు."

నిన్న రాత్రి మూడూ పదికి
యంత్రం ఎర్రగా అరిచింది.
పొటాషియం తొమ్మిదీ పాయింటు నాలుగు.
గుండె ఆగిపోవాల్సిన అంకె.
చెయ్యి ఫోను మీదికి పోతోంది,
కన్ను మాత్రం రెండు వరసలు కిందికి జారింది:
కాల్షియం దాదాపు సున్న.

ఈ రెండంకెలూ ఒక ఒంట్లో కాపురం చెయ్యవు.
చేస్తే ఆ ఒళ్ళు వార్డులో ఉండదు.
ఊదా మూత గొట్టంలో
రక్తం గడ్డకట్టకుండా పోసే ఉప్పు ఒకటుంది,
పొటాషియం మోసుకొచ్చి కాల్షియాన్ని మింగేస్తుంది.

"సుల్మా, ముందు ఆయనెలా ఉన్నాడు?"
"గురక పెడుతున్నాడు. పక్కమంచం వాళ్ళు తిడుతున్నారు."
"ఎర్ర మూతలోకి ఏమైనా ఒంపావా?"
ఫోనులో ఊపిరి మాత్రమే.
"సగమే నిండింది... ఊదాదాంట్లోంచి కొంచెం... తప్పా?"
"మళ్ళీ తియ్యి. వేరే చేతినుంచి.
ఆ అంకె నమ్మి మందేదీ ఇవ్వనివ్వకు. గుండె గీత మాత్రం ఒకసారి తీయించు."

ఇరవై ఆరు నిమిషాలు.
సెంట్రిఫ్యూజ్ తిరుగుతుంటే మూత మీద చెయ్యి వేసి నిల్చున్నాను,
జ్వరమొచ్చిన పిల్ల నుదురు మీద వేసినట్టు.

నాలుగూ పాయింటు నాలుగు.

ఎన్ని రాత్రులు "తేడా ఏమీ లేదు" అని గ్రాఫు చెప్తే
బాత్రూములో కుళాయి తిప్పి ఏడ్చానో.
ఏ పత్రికా అచ్చెయ్యని మాట అది.
ఇప్పుడు అదే మాట ఫోనులో చెప్పాను,
ఒక ముసలి గొర్రెల కాపరికి
ఏమీ లేదని.

సుల్మా నా అంకె తిరిగి చదివింది, అది ఇక్కడి నియమం.
నేను రాసింది ఇంత శ్రద్ధగా తిరిగి చదివినవాళ్ళు
ఇంతకుముందు ఇద్దరే,
ఇద్దరూ రివ్యూయర్లు,
ఇద్దరూ కాదన్నారు.

పుస్తకంలో విల్మార్ ఒక్క లైను రాశాడు:
శాంపుల్ చెడింది, మళ్ళీ తీశారు.
పక్కన నా పొడి అక్షరాలు రెండు.
ఈ ఏడాది నేను అచ్చేసింది అంతే.

పొద్దున బయటికొస్తే వాన వెలిసింది.
బస్సు స్టాపు పక్క కాలవలో నీళ్ళు నిలిచాయి.
అలవాటు చొప్పున వంగి చూశాను.
ఈ వైపు ఆ చేప ఉండదు, నాకు తెలుసు.
అయినా కాసేపు అలాగే ఉన్నాను
బస్సువాడు హారన్ కొట్టేదాకా.