నెమలికంఠం తప్ప

ధర్మవరం బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను.
ఒడిలో గుడ్డసంచి,
సంచిలో ఆరు పట్టు లడీలు, జానెడు నేతముక్క.
లాప్‌టాప్ కొనడానికి పోతూ దారాలెందుకని
పక్కసీటు పెద్దామె అడగలేదు.
ముట్టి చూసి, "అసలు పట్టేనా?" అంది, అంతే.

పోయిన నెల మూడు చీరలు వాపసొచ్చాయి.
ఫోటోలో వంగపండు, విప్పితే బీట్రూటు అంట.
మడత మారిన చీరకు ఎవరింటిదో అగరొత్తుల వాసన.
ఓబుళేసు ఏమీ అనలేదు.
పదహారు రోజుల నేతను మళ్లీ మడిచి
బీరువాలో పెట్టి, తలుపు మాత్రం
కొంచెం గట్టిగా వేశాడు.
ఆ చప్పుడు నా పాత లాప్‌టాప్‌కు తగలాలి.
దాని తెర ఆరేళ్లుగా అన్నిటికీ నీలిమందు పెడుతోంది,
నేను దాన్ని నమ్మి పసుపు పెంచుతూ పోయాను.

చీటీ పాడితే చేతికొచ్చింది అరవై ఎనిమిది వేలు.

అనంతపురం, కమలానగర్.
షాపు గోడ పొడవునా తెరిచిన తెరలు.
అన్నింట్లోనూ ఒకటే చిలుక
ఒకే కొమ్మ మీంచి ఒక్కసారే ఎగురుతోంది.
అంత పచ్చటి చిలుకను
నేను ఏ జామచెట్టు మీదా చూడలేదు.

నీలం చొక్కా పిల్లోడు, లోకనాథ్ అని బ్యాడ్జీ.
పదహారు జీబీ ర్యామ్, కొత్త ప్రాసెసర్,
విడిగా గ్రాఫిక్స్ కార్డు, బ్యాటరీ పది గంటలు,
ఎక్కాలు అప్పజెప్పినట్టు చెప్పాడు.
విన్నాను. అవీ కావాల్సినవే.
వంద ఫోటోలు ఒక్కసారి తెరిస్తే
పాతది ఎండాకాలపు కుక్కలా రొప్పుతుంది.
"సరే నాయనా, ముందు ఆ చిలుకను ఆపు" అన్నాను.

పెన్‌డ్రైవ్‌లోంచి నిన్న తీసిన ఫోటోలు.
ఒక్కో తెర పక్కన ఒక్కో లడీ పట్టి,
కళ్లు చికిలించి, దూరం జరిగి, దగ్గరకొచ్చి.
బేరం చేస్తున్నానో దిష్టి తీస్తున్నానో తేలక
షాపాయన కౌంటర్లోంచి మెడ చాచాడు.

లక్షా పదివేల దాంట్లో
మిరపపండు ఎరుపు మంటలా లేచింది.
పక్కనున్న లడీ వెలవెలబోయింది.
"సూపర్ కదా మేడం!"
సూపరే.
ఫక్రుద్దీన్ మామ మూడు నీళ్లలో ముంచి తీసిన ఎరుపు కంటే
బాగుంది. అదే కదా తంటా.
ఇంత తియ్యగా అబద్ధం చెప్పేదాన్ని ఇంట్లో పెట్టుకుంటే
పోయిన చీరలన్నీ వారం తిరక్కుండా తిరిగొస్తాయి.

మామ మాట ఒకటి ఉంది:
"పొద్దు వాలినాక నేను రంగు సూడనమ్మా.
కన్ను మంచిదే, వెలుగే మాయ చేస్తాది."

లైట్లు ఆర్పమని అడగడానికి నోరు రాలేదు.
అంతలో లోకనాథ్ తనే పోయి
మా వరుస ట్యూబులైట్లు రెండు ఆర్పాడు.
సెట్టింగుల్లో ఏదో నొక్కి
తెరలకున్న పౌడరు తుడిచేశాడు.
గడప దగ్గరికి, పగటి వెలుతురులోకి
బూడిదరంగు దాన్నొకదాన్ని ఎత్తుకొచ్చి
"ఇది పెద్దగా ఎవరూ అడగరు మేడం.
మెరవదు. రంగులు మాత్రం
యాడ ఉండాల్సింది ఆడ ఉంటాది."
మాట మారిందేమని చూస్తే
లడీని చిక్కుపడకుండా రెండు వేళ్లకు తగిలించుకుని ఉన్నాడు.
"మాయమ్మ కండెలు సుట్టేది" అన్నాడు తెర వైపే చూస్తూ.

వంగపండు, వంగపండే.
గంధం, గంధమే.
చిలకాకుపచ్చ, మామిడిపిందె, మిరపపండు, ఇటుకరంగు,
అన్నీ చెప్పులు విప్పి ఇంట్లోకొచ్చినట్టు కూర్చున్నాయి.

మిగిలింది నేతముక్క. నెమలికంఠం.
నీలం పడుగు, పచ్చని పేక.
చెయ్యి కదిలితే రంగు కదులుతుంది.
తెర కదలదు.
ఈ చివరి నుంచి ఆ చివరిదాకా
ప్రతి తెరా ఏదో ఒక వైపే ఒప్పుకుంది.
లోకనాథ్ కూడా తిప్పి తిప్పి చూసి
"దీనికి మాత్రం లేదు మేడం" అన్నాడు.
అమ్మేవాడి నోట నేను విన్న మొదటి లేదు.

బూడిదరంగుదే కొన్నాను. అరవై ఆరువేల ఐదొందలు,
మౌసు ఉచితం.

ఆ రాత్రి ఆరు చీరలకు రంగులు సరిచేశాను.
సరిచేయడమంటే ఈసారి, ఏమీ పెంచకపోవడం.
ఏడో చీర కింద మాత్రం ఇలా రాశాను:

ఈ రంగు ఫోటోకు చిక్కలేదు.
చీర చేతికొచ్చినాక, పొద్దున తొమ్మిదింటికి
వాకిట్లో నిలబడి ఒకసారి తిప్పండి.
నచ్చకపోతే వాపసు పంపండి,
మడత మాత్రం మార్చకండి.